పిట్టలావిడ అడిగిన ఈకలు

మార్చి 3

చిట్టికి,

మీ వదిన రాసేది. ఒంటి సంగతి అడిగితే ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మనసు సంగతి కింద రాస్తున్నాను, చదువు.

ఫోను చేసి చెప్పొచ్చుగా అంటావు. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను, అది మీ అన్నయ్యగారి జేబులో ఉంటుంది. ఈమధ్య అది మోగితే చాలు, వాకిట్లోకి వెళ్ళి మరీ మాట్లాడుతున్నారు. కాబట్టి నాకు ఉత్తరమే దిక్కు.

కార్ఖానాలో వాడకుండా వదిలేసిన పాత పొగగొట్టం నువ్వు వచ్చినప్పుడు చూశావు కదా, దాని మీద డేగలు గూడు పెట్టాయి. పెడితే పెట్టుకున్నాయి, మనకేం? కానీ వాటిని చూడటానికి పట్నం నుంచి ఒకావిడ దిగింది. మెడలో దుర్భిణి, కాళ్ళకు మగవాళ్ళ బూట్లు. పిట్టల మీద పరిశోధనట. ఊళ్ళో అందరూ మేడమ్ అంటారు, నేను పిట్టలావిడ అంటాను. పొగగొట్టం నిచ్చెన ఎక్కి దిగడం చేతనైన ఫిట్టరు మీ అన్నయ్య ఒక్కరే కాబట్టి, యజమాని ఆవిణ్ణి తెచ్చి ఈయనకు అప్పజెప్పాడు.

ఇంతకీ ఆవిడకు కావలసింది డేగ ఈకలు. కార్ఖానాలో పాత బ్యాటరీలు కరిగించి సీసం తీస్తారు కదా, ఆ దుమ్ము నేల మీద పడుతుందట. ఆ నేల మీద గింజలు ఏరుకు తిన్న పావురాన్ని డేగ తింటుందట. తిన్న సీసమంతా దాని రక్తంలోకి, అక్కడి నుంచి పెరిగే ఈకలోకి చేరుతుందట. మట్టి ఎన్నిచోట్ల తవ్వినా తేలని సంగతి ఒక్క ఈకలో తేలుతుందట. ఈ 'అట'లన్నీ భోజనం దగ్గర మీ అన్నయ్య నాకు చెప్పినవే. ఇన్నేళ్ళ కాపురంలో నేను కుట్టే బట్టల గురించి ఒక్క ప్రశ్న అడగని మనిషి, పిల్లడేగకు ఈక ఎలా మొలుస్తుందో చేతులు తిప్పి మరీ చెబుతుంటే నా ఒళ్ళు ఎలా మండాలి?

ఇంకా విను. "నువ్వు కుడతావని చెప్పాను, ఆవిడకో సంచీ కావాలట" అన్నారు. డేగపిల్లను అందులో పెట్టి తూకం వేస్తారట. కుట్టనని మొహం మీద చెప్పేదాన్నే. కానీ నాసిరకంగా కుట్టిందన్న పేరు నాకెందుకు? కుట్లన్నీ లోపలికి మడిచి, గోళ్ళు తగులుకోకుండా శుభ్రంగా కుట్టిచ్చాను. ఆవిడ వచ్చి తీసుకుంటూ, "చాలా బాగుంది అక్కా" అంది. అక్కట! నాకంటే రెండేళ్ళు పెద్దదై ఉంటుంది.

మీ అన్నయ్య ఇప్పుడు మునుపటి మనిషి కాదు. తిండి సగానికి తగ్గింది. నోట్లో ఏదో తియ్యగా, రేకు నాకినట్టు ఉందని నా కూర పక్కకు నెట్టేస్తున్నారు. నిద్ర లేదు, అటూ ఇటూ దొర్లడమే. మొన్న దారాలు తెమ్మని పంపితే కొట్టుదాకా వెళ్ళి ఎందుకొచ్చారో మరిచిపోయి తిరిగొచ్చారు.

ఆవిడ ఎలా ఉంటుందని మాత్రం అడక్కు. నాకంటే సన్నగా ఉంటుంది.

నీ వదిన


మార్చి 12

వదినకు,

చిట్టి కోటి నమస్కారాలు పెట్టి, నవ్వు ఆపుకుని రాస్తున్నది. నీ ఉత్తరం పంపుహౌసులో మోటార్లు తిరుగుతుండగా చదివాను. ఆ మోతలో కూడా నా నవ్వు వినబడి మా వాచ్‌మన్ తొంగిచూశాడు.

మా అన్నయ్యకా? ప్రేమా? పెళ్ళిచూపుల్లో నీ మొహం చూడకుండా మీ ఇంటి ఫ్యాను ఎందుకు చప్పుడు చేస్తుందో చూస్తూ కూర్చున్న మనిషి! అయినా నా అనుభవంలో మగవాడు తిండి మానేశాడంటే కారణాలు రెండే. పన్ను నొప్పి, లేదంటే పరాయి ఆడది. ముందు పన్ను చూపించు, చవకలో తేలిపోతుంది.

నీ కుళ్ళు నాకు కొత్త కాదులే. నువ్వు మా ఇంట్లో కాలు పెట్టిన రోజు నుంచి అన్నయ్య నా జడ లాగడం మానేశాడు. ఎంత ఏడ్చానో నీకు తెలియదు. నీ కొత్త చెప్పులు అటక మీద దాచింది నేనే, కావాలంటే ఇప్పుడు తిట్టుకో.

డేగలంటే గుర్తొచ్చింది, మా నీళ్ళ ట్యాంకు మీద కూడా ఒక జంట ఉంది. నీళ్ళమట్టం చూడటానికి రోజూ నిచ్చెన ఎక్కేదాన్ని కదా, నన్ను చూసి అవి కూడా నీలాగే కళ్ళెర్ర చేస్తాయి. ఈ కొండ మీద కార్ఖానాలూ లేవు, పొగా లేదు, పరిశోధించే ఆడవాళ్ళూ లేరు. అన్నయ్యను ఇక్కడికి పంపించెయ్, నీకు బెంగ ఉండదు.

ఇంతకీ నిజం చెప్పు, అందంగా ఉంటుందా?

నీ ఆడపడుచు
చిట్టి


మార్చి 21

చిట్టికి,

నీకు నవ్వులాటగా ఉంది. నువ్వు చెప్పావని పళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. పళ్ళన్నీ రాళ్ళలా ఉన్నాయన్నాడు. చిగుళ్ళ అంచున మాత్రం నల్లగా గీత పట్టిందట, బాగా తోముకోమన్నాడు. కొత్త బ్రష్షు కొన్నాను. గీత పోలేదు, తిండీ పెరగలేదు. నువ్వు చెప్పిన రెండు కారణాల్లో ఇక మిగిలింది ఏదో నువ్వే చెప్పు.

నాన్చడం నాకు చేతకాదు కదా. నిన్న ఆవిడ వాకిట్లోకి రాగానే అడిగేశాను, "ఇంకా ఎన్నాళ్ళుంటారండీ?" అని. ఆవిడ తాపీగా బూట్లు విప్పుకుంటూ ఏమందో తెలుసా?

"ఈకల్లో ఏమీ లేదని తేలితే మర్నాడే వెళ్ళిపోతానక్కా. సీసం ఉందని తేలితే మాత్రం ఇక్కడే గది తీసుకుని ఏడాదంతా చూడాలి. మీవారి సాయం లేకుండా నా పని జరగదు."

మీవారట, సాయమట. ఆయన పక్కనే నిలబడి తలూపుతున్నారు. నేను పిలిస్తే మెడ తిప్పని మనిషి!

ఏడాదంతా చిట్టీ. ఏడాదంతా ఈయన ఆ నిచ్చెన మీద, ఆవిడ ఆ నిచ్చెన కింద. ఇప్పటికే కార్ఖానా ఆడవాళ్ళు కొలతలివ్వడానికి వచ్చినప్పుడు నా మొహంలోకి జాలిగా చూస్తున్నారు. ఒకామె అయితే, "మీ ఆయన డేగలకు కాపలా కాస్తున్నాడా, డేగల మేడమ్‌కా?" అని నవ్వింది. ఆమె జాకెట్టు నడుం దగ్గర ఒక అంగుళం బిగించి కుట్టాను.

నాకో సాయం చెయ్యి. మీ ట్యాంకు మీద డేగ గుడ్లు పొదిగి పిల్లలను చేసి ఉంటుందిగా. గూట్లో రాలిన పిల్లల ఈకలు, ఒంటి మీద ఉండే చిన్నవి, ఒక పిడికెడు పంపు. పెద్ద డేగవి వద్దు. అది ఊరూరా తిరిగి తింటుందట, గూడు దాటని పిల్ల ఈకలోనే ఆ చోటు సంగతి తెలుస్తుందట. చేతితో ముట్టకుండా కాగితం కవర్లో వేసి పంపు. ఎందుకని అడిగావో, ఈ జన్మలో నీకు జాకెట్టు కుట్టను.

నీ వదిన


ఏప్రిల్ 7

వదినమ్మకు,

ఇదిగో నీ ఈకలు. పిల్లలు ఇప్పుడిప్పుడే నూగు పోయి ఈకలు తొడుగుతున్నాయి. తల్లి వేటకు వెళ్ళిన సందు చూసి ఎక్కాను. మూడు పిల్లలూ నోళ్ళు తెరిచి నన్నే తినేసేలా చూశాయి. దిగేలోపు తల్లి వచ్చి నా నెత్తి మీద ఒక్కటి తన్నింది, టోపీ ఎగిరి ట్యాంకులో పడింది. ఊరంతా రెండు రోజులు నా టోపీ నీళ్ళు తాగారు, ఎవరికీ చెప్పకు.

ఎందుకని అడగొద్దన్నావు కాబట్టి అడగను. కానీ నాకు అర్థమైపోయింది. నువ్వు కూడా పిట్టల చదువు మొదలుపెట్టి, "ఇదిగోనండీ, చిట్టి వాళ్ళ ఊరి డేగ ఈకలు" అని అన్నయ్య ముందు పరిచి, ఆవిడ కంటే ఎక్కువ మార్కులు కొట్టేద్దామని ఎత్తు వేశావు. శభాష్. ఏడుస్తూ కూర్చోవడం కంటే ఇది నయం.

అన్నయ్యను నాకు నాలుగు ముక్కలు రాయమను. నీ ఉత్తరాల నిండా ఆయనే ఉంటాడు కానీ ఆయన చేతిరాత చూసి ఎన్నేళ్ళయిందో. ఆ పిట్టలావిడకు మాత్రం అడిగినప్పుడల్లా నిచ్చెన ఎక్కిపెడుతున్నాడంటావు. ఇప్పుడు నాకూ కొంచెం మండుతోంది సుమా.

చిట్టి


ఏప్రిల్ 16

చిట్టికి,

ఈకలు అందాయి. అందడమేమిటి, పని కూడా అయిపోయింది.

ఇక్కడి గూటి పిల్లల ఈకలు మొన్న మీ అన్నయ్యా ఆవిడా కలిసి తీశారు. ఆవిడ దిగిన లాడ్జిలో గది కురుస్తోందట, తడి తగలకూడదని ఈకల కవరు తెచ్చి నా చేతిలో పెట్టింది. "మీ బీరువాలో ఉంచండక్కా, పట్నం వెళ్ళేటప్పుడు తీసుకుంటాను" అంది. నా బీరువాలో, నా పెళ్ళిబట్టల పక్కన! కవరు మీద రాత మాత్రం మీ అన్నయ్యది. ఎంత పొందికగా రాశారనుకున్నావు, నాకు ఒక్కనాడు అలా రాసిచ్చిన పాపాన పోలేదు.

ఆవిడ ఈకలు తీసి పొయ్యిలో వేశాను. నువ్వు పంపినవి ఆ కవర్లో పెట్టాను. అంచు మళ్ళీ అతికించాను, నా చేతిపని సంగతి నీకు తెలుసు. మీ కొండ మీద పొగా లేదు, కార్ఖానా లేదని నువ్వే రాశావుగా. ఏమీ తేలదు. మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోతుంది. పీడ విరగడవుతుంది.

తప్పేనంటావా? ఒక పిడికెడు ఈకలు చిట్టీ. ఎవరి కొంప మునిగింది?

నీ వదిన


ఏప్రిల్ 25

వదినా,

నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియడం లేదు. నన్నడిగి చేశావా? నా ఈకలు అంటే, నేను నెత్తిన తన్నులు తిని తెచ్చిన ఈకలు, దొంగసాక్ష్యానికి పెట్టావా? ఎవరైనా కనిపెడితే అన్నయ్య ఉద్యోగం ఏమవుతుంది?

సరే, అయిందేదో అయింది. ఈ ఉత్తరం చదివి చించెయ్. ఆవిడ బస్సెక్కిన రోజు మాత్రం నాకు రాయి, నేనూ ఇక్కడ ఒక దీపం పెడతాను.

చిట్టి


మే 20

చిట్టికి,

దీపం పెట్టుకో. వెళ్ళిపోయింది!

పరీక్షలో సీసం ఉన్నా లేనట్టేనని తేలిందట. ఆవిడ మొహం చూడాలి నువ్వు. "ఆశ్చర్యంగా ఉంది" అని రెండుసార్లు అంది, కానీ కాగితం మీద ఉన్నదాన్ని కాదనలేదుగా. యజమాని ఆ కాగితానికి అద్దం కట్టించి గేటు దగ్గర తగిలించాడు. కొలిమి మీద పొగ పీల్చే గొట్టాలు పెడదామనుకున్నది ఇక అక్కర్లేదని ఆపేశాడు. ఆ సొమ్ముతో రెండో కొలిమి వెలిగించాడు. దానికి పెద్ద ఎవరనుకున్నావు? మీ అన్నయ్యే! ఆ రోజు నేను పాయసం ఒక్కటే చేయలేదు, మిగతావన్నీ చేశాను.

ఆయన మాత్రం ముట్టుకోలేదు. కడుపులో మెలిపెడుతోందని పడుకున్నారు. ఆవిడ బస్సెక్కినప్పటి నుంచి ఇదే వరస. ముట్టుకుంటే చిరాకు, మాట్లాడితే కసురు. నిన్న పొద్దున టీ గ్లాసు చేతిలోంచి జారి నా మిషను మీద పడింది. కుడుతున్న బట్టంతా మరక. "చెయ్యి పట్టు తప్పిందే" అన్నారు. పట్టు తప్పింది చెయ్యి కాదు, మనసు. నేను ఆ మాట పైకి అనేశాను. ఆయన చెప్పులు వేసుకుని రెండో కొలిమికి వెళ్ళిపోయారు.

మనిషి వెళ్ళినా మనసులోంచి పోలేదు చిట్టీ. కళ్ళముందు ఉంటేనే నయం, కనీసం తిట్టుకోవడానికి ఉండేది. ఇప్పుడు ఎవరిని తిట్టను?

నీ వదిన


మే 30

వదినకు,

ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకు. తెచ్చుకున్నా సరే, అంటాను.

ఆవిడ వెళ్ళిపోయింది కదా. వెళ్ళాక కూడా అన్నయ్య తినడం లేదంటే తప్పు ఎక్కడుంది? అలసిపోయి ఇంటికొస్తే ఎదురుగా నీ అనుమానం, నీ దెప్పుళ్ళు. ఎవరికి ముద్ద దిగుతుంది? చిన్నప్పుడు జ్వరంలో కూడా పళ్ళెం నాకేసే మనిషి మా అన్నయ్య. మీ పెళ్ళి రోజున మేం ఇచ్చిన మనిషిని ఒకసారి గుర్తు చేసుకో. అలాగే ఉంచావా?

నేను పంపిన ఈకలతో నువ్వు ఆవిణ్ణి పంపావు కానీ, అన్నయ్యను ఇంట్లో ఉంచుకోలేకపోయావు.

చిట్టి


జూన్ 6

మీ అన్నయ్యను నాకేమీ మీరు పళ్ళెంలో పెట్టి ఇవ్వలేదు. నేను ఎలా చూసుకున్నానో ఆయన చొక్కాల ఇస్త్రీ చూస్తే తెలుస్తుంది. అక్కడ నిచ్చెన మీద కూర్చుని తీర్పులు చెప్పకు. ఇక నాకు ఉత్తరాలు రాయనక్కర్లేదు.

వదిన


జూన్ 29

చిట్టీ,

రాయొద్దన్నదాన్ని నేనే రాస్తున్నాను. కూర్చుని చదువు.

నాలుగు రోజుల కింద పొగగొట్టం కింద తల్లిడేగ ఎగరలేక పడి ఉంది. మీ అన్నయ్య చూసి, వెంటనే ఆవిడకు ఫోను చేశారు. ఆవిడ పరిగెత్తుకొచ్చింది. చూశావా, ఒక్క పిలుపుకు ఎలా వాలిందో అనుకున్నాను. దాన్ని నేను కుట్టిన సంచీలోనే చుట్టి, మా ముందుగదిలో మిషను బల్ల మీద పెట్టారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. టీ పెట్టమని ఎవరూ అడగలేదు, నేనూ పెట్టలేదు.

ఆవిడ పెట్టెలోంచి రక్తంలో సీసం కొలిచే చిన్న యంత్రం తీసింది. డేగ రెక్కలోంచి రక్తపు చుక్క తీసి అందులో వేసింది. కాసేపటికి అంకె బదులు అక్షరాలు వచ్చాయి. "కొలవలేనంత ఎక్కువగా ఉందని దీని అర్థం" అంది. తర్వాత దాని కాలు పట్టుకుని మాకు చూపించింది.

"చూడండి అక్కా. సీసం ఎక్కిన డేగ ముందు తిండి మానేస్తుంది. మాంసం ముందు పెట్టినా మొహం తిప్పుకుంటుంది. కడుపులో నొప్పికి ముడుచుకుంటుంది. తర్వాత పట్టు పోతుంది. నా వేలు దీని గోళ్ళ మధ్య పెట్టాను, మూయలేకపోతోంది. మామూలుగా అయితే ఈపాటికి వేలు తెగిపోవాలి."

నేను డేగ వైపు చూడటం లేదు చిట్టీ. ఆవిడ పక్కన మీ అన్నయ్య మంచినీళ్ళు తాగుతున్నారు. గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నారు. రెండు చేతులతో పట్టుకున్నా అంచు వణుకుతోంది. తిండి, కడుపునొప్పి, పట్టు. ఇన్నాళ్ళూ నేను నీకు రాసినవన్నీ ఆవిడ డేగ గురించి ఒక్కొక్కటే చెప్పింది. గుమ్మం పట్టుకున్నాను.

అప్పుడు ఆవిడ, "ఇది దూరాన ఎక్కడో తిన్న సీసం అయి ఉంటుంది. ఇక్కడిదైతే పిల్లల ఈకల్లో రాకుండా ఉండదు. పిల్లలవి శుభ్రంగా ఉన్నాయి కదా" అని సంచీ సర్దుతోంది. మీ అన్నయ్య కూడా గ్లాసు దించి, "అయితే నేను బయల్దేరతాను, కొలిమి వేళయింది" అన్నారు.

నేను నోరు మూసుకుని ఉంటే ఆయన వెళ్ళిపోయేవారు.

"ఆ ఈకలు మీ డేగ పిల్లలవి కావు" అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు. చెప్పేశాను. బీరువా, పొయ్యి, నువ్వు పంపిన కవరు, అన్నీ. ఎందుకు చేశావని ఆవిడ అడిగింది. "మీరు వెళ్ళిపోవాలని" అన్నాను. ఆవిడకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహమంతా ఎర్రబడింది. మీ అన్నయ్య కుర్చీలో కూలబడ్డారు. తిడతారనుకున్నాను. "నేను ఆ కవరు ఎందుకంత జాగ్రత్తగా రాశానో తెలుసా? అది నా కవరే అనుకున్నాను. పిల్లల ఈకల్లో ఉంటే నాలోనూ ఉన్నట్టే. నీకు ముందే చెబితే భయపడతావని ఊరుకున్నాను" అన్నారు. ఫోను పట్టుకుని వాకిట్లోకి వెళ్ళింది అందుకేనట. ఒంట్లో ఫలానా నొప్పి ఉంది, అది సీసమేనా అని ఆవిణ్ణి అడగడానికి. ఈకల సంగతి తేలగానే రక్తమూ చూద్దామందట ఆవిడ. శుభ్రంగా ఉందని కాగితం వచ్చాక, ఇదంతా తన భ్రమేనని రెండో కొలిమి ఒప్పుకున్నారట.

ఆవిడ దగ్గరికి వచ్చి ఆయన పెదవి పైకెత్తి చిగుళ్ళు చూసింది. ఆ నల్లగీత చూసి తల దించుకుంది. నీకు నిజం చెబుతాను, ఆవిడ వేళ్ళు ఆయన పెదవి మీద ఉన్న ఆ క్షణంలో కూడా నా ఒళ్ళు భగ్గుమంది. అంత పాపిష్టిదాన్ని. తర్వాత ఆయన వేలు పొడిచి, రక్తం చుక్క అదే యంత్రంలో వేసింది.

డేగకు వచ్చిన అక్షరాలే వచ్చాయి.

నీ వదిన


జూలై 5

వదినా,

నేను రాసిన మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. పన్ను నొప్పి, పరాయి ఆడది అని వేళాకోళం చేసింది నేను. ఈకలు పంపింది నేను. నువ్వు ముద్ద పెట్టలేదని దెప్పింది నేను. ఎంత తెలివైనదాన్నో చూడు.

సెలవు పెట్టాను. ట్యాంకు తాళాలు వాచ్‌మన్‌కు ఇచ్చి ఈ వారాంతానికి వస్తున్నాను. అన్నయ్యను కొలిమి వైపు వెళ్ళనివ్వకు, అవసరమైతే మంచానికి కట్టెయ్. బతుకుతాడని ఒక్క ముక్క రాయి వదినా, నాకు రాత్రుళ్ళు ముద్ద దిగడం లేదు.

చిట్టి


జూలై 9

చిట్టికి,

ఈ ఉత్తరం నువ్వు బయల్దేరేలోపు అందాలి. ఇక్కడికి కాదు, నేరుగా పట్నం వెళ్ళు. మీ అన్నయ్య అక్కడున్నారు. చిరునామా వెనక రాశాను. అది పిట్టలావిడ ఇల్లు.

అవును, సరిగ్గానే చదివావు. సీసాన్ని ఒంట్లోంచి లాగే మందు ఆ ఊరి ఆసుపత్రిలోనే ఉంది. పట్టు చాలావరకు తిరిగొస్తుందన్నారు డాక్టర్లు, అంతా వస్తుందని మాత్రం మాటివ్వలేదు. రోజూ సూది వేయించుకోవాలి, మధ్యలో రక్తం చూడాలి. ఆసుపత్రికి నాలుగడుగుల్లో ఆవిడ ఇల్లు. "నా దగ్గర ఒక గది ఖాళీగా ఉందక్కా, మీరూ రండి" అంది. నేను వెళ్ళలేకపోయాను. ఆవిడ తీసుకొచ్చిన డాక్టర్లు ఇప్పుడు మా ముందుగదిలోనే కార్ఖానావాళ్ళ రక్తం తీస్తున్నారు. యజమాని గేటు దాటి రానివ్వలేదు మరి. రక్తమివ్వడానికి మగవాళ్ళు జంకుతుంటే, నా దగ్గర బట్టలు కుట్టించుకునే ఆడవాళ్ళే ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని తెస్తున్నారు. నేను చేసిన పని వాళ్ళకు చెప్పాను. ఒకామె నా గుమ్మంలో ఉమ్మేసి వెళ్ళింది. మర్నాడు మొగుణ్ణి తీసుకుని మళ్ళీ వచ్చింది. అధికారులు వచ్చి గేటు మీద కాగితం తీసేయించారు. రెండో కొలిమి ఆర్పించారు. మీ అన్నయ్య ఉద్యోగం పోయింది. డేగ కూడా పోయింది. పిల్లలు మాత్రం ఎగిరి వెళ్ళాయి.

నా అసూయ పోయిందనుకుంటున్నావేమో. పోలేదు. ఆయన పెట్టె సర్దుతుంటే, ఆవిడ ఇంట్లో పొద్దున్నే ఎవరు ముందు లేస్తారు, ఆయనకు టీ ఎవరిస్తారు, అక్కడి దుప్పట్లు ఎలా ఉంటాయి, అన్నీ ఊహించుకున్నాను. ఆయన వేళ్ళు ఇప్పుడు గుండీలు పెట్టుకోలేవు. రోజూ నేనే పెడుతూ వచ్చాను. మరి అక్కడ ఎవరు పెడతారు? ఆ ఆలోచన రాగానే మిషను ముందు కూర్చుని ఆయన చొక్కాలన్నిటికీ గుండీలు పీకేశాను. తల మీదుగా తొడుక్కునేలా, పరాయి చెయ్యి అవసరం లేకుండా మార్చి కుట్టేశాను. నవ్వుకో.

ఒక్కటి మాత్రం మార్చలేదు. ఆయన మంచి నీలం చొక్కా చేతిలోకి తీసుకున్నాను కానీ కత్తెర ఆడలేదు. పెద్ద డాక్టరు ముందుకు వెళ్ళే రోజు ఆయన తల మీదుగా లాక్కున్న చొక్కాతో రోగిష్టివాడిలా కూర్చోవడం నాకిష్టం లేదు. పనిచేసిన మనిషిలా కూర్చోవాలి.

బస్సు వచ్చింది. ఆయన ఎక్కి కూర్చున్నారు. ఆవిడ సంచులు అందిస్తుంటే చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళాను. నా ఒంటి మీద జాకెట్టు గుండీల మీదే చూపించాను. "కింద నుంచి మొదలుపెట్టాలి. పై నుంచి పెడితే ఆయనకు చిరాకు. మెడ దగ్గరిది పెట్టేటప్పుడు గడ్డం తనంతట తను ఎత్తరు, మీరే కొంచెం పైకి ఎత్తాలి" అని చెప్పాను.

నీ వదిన